నాలుగు మినార్ల టోపీ

మా ఇంట టోపీలకు కొదువ లేదు. పండుగనాడు పెట్టుకునే నల్లని మఖ్మలు టోపీ ఒకటి, క్రోషియా సూదితో అల్లిన తెల్లని జాలీ టోపీలు నాలుగైదు, మస్కట్‌లో పనిచేసే మామూ తెచ్చిన ఒమానీ కుమ్మా ఒకటి. ఇవిగాక, మస్జిదు గుమ్మంలో బుట్ట నిండా ఉంచే ప్లాస్టిక్ టోపీలలో పిల్లల తలలపై ఇంటిదాకా వచ్చేసినవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వాటిని జుమా నాటికి తిరిగి చేర్చడం మా వంతు. వీటి నడుమ ఒక పాత నూలు టోపీ ఉంది. అది లాంగ్‌క్లాత్‌తో కుట్టినది. పైన గుండ్రని బిళ్ళ, చుట్టూ మూడు అంగుళాలకు కాస్త తక్కువ ఎత్తున్న పట్టీ. పట్టీ ముందుభాగంలో ఆకుపచ్చ దారంతో కుట్టిన చార్మినార్ బొమ్మ, దాని కింద ఉర్దూ అంకెలలో నాలుగు వందలు.

ఉర్దూ లిపిలో సున్నాను చిన్న చుక్కగా రాస్తారు. కనుక ఆ సంఖ్య, లిపి తెలియనివారికి, ఒక వంకర గీత, దాని పక్కన రెండు దారపు చుక్కలుగా మాత్రమే కనబడుతుంది. తెలుగు బడిలో చదువుకున్న మా తరం పిల్లలం చాలాకాలం ఆ చుక్కలను అలంకారం అనుకున్నాము. అవి ఒక నగరపు వయసు అని మాకు దాదీయే చెప్పింది.

దాదీ అంటే మా నాన్నగారి తల్లి. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి పెళ్ళయ్యాక హైదరాబాదు పాతబస్తీకి, తలాబ్‌కట్టా ప్రాంతానికి వచ్చింది. ఆమెకు సూది పనిలో మంచి చేయి ఉండేది. దాదా నగర నీటి సరఫరా విభాగంలో చిరుద్యోగి. తెల్లవారకముందే పొడవాటి ఇనుప తాళం భుజాన వేసుకుని బయలుదేరి, గల్లీ గల్లీకి నీళ్ళు విడిచే వాల్వులు తిప్పడం ఆయన పని. ఒక వీధి వాల్వు కట్టి మరో వీధి వాల్వు విప్పితే తప్ప ఎవరి నల్లాలోనూ ధార రాదు. ఫజ్ర్ నమాజును ఆయన ఏనాడు ఏ మస్జిదులో చేస్తారో ఆ రోజు వంతు ఏ వీధిదో దానిని బట్టి ఉండేది.

1990 డిసెంబరులో పాతబస్తీలో జరిగిన అల్లర్లు పెద్దవారికి ఇప్పటికీ గుర్తు. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ విధించారు. పాల కోసం, కూరగాయల కోసం కొద్ది గంటల సడలింపు ఇచ్చినప్పుడే తలుపులు తెరుచుకునేవి. నీటి పనివారికి మాత్రం కర్ఫ్యూ పాస్ ఉండేది. దాదా ప్రతిరోజూ వెళ్ళవలసి వచ్చింది. తమవారి వీధులకూ వెళ్ళవలసి వచ్చింది, ఆ రోజులలో తమవారు ఎవరూ అడుగుపెట్టని వీధులకూ వెళ్ళవలసి వచ్చింది. ఒక వీధిలో ఆయనను ఆపి, పాస్ చూసి, తలపై టోపీ చూసి, మళ్ళీ పాస్ చూశారట. ఆ వీధిలోనే ఒక వృద్ధురాలు కిటికీలోంచి, ‘నీళ్ళాయన వచ్చిండు, తొవ్వ ఇడువుండ్రి’ అని కేక వేసిందట. ఈ విషయం దాదా తానుగా ఎన్నడూ చెప్పలేదు. ఆయనతో కలిసి పనిచేసినవారు జనాజా రోజున చెబితే తెలిసింది.

ఆ చలికాలంలో, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, దాదీ ఈ టోపీ కుట్టింది. మార్చిలో దాదా ఉద్యోగ విరమణ. 1591లో నెలకొన్న నగరానికి 1991లో నాలుగు వందల ఏళ్ళు. ఈ రెండింటినీ ఆమె ఒక్క బట్టపై కలిపింది. మా చాచా లెక్కలలో నిక్కచ్చి మనిషి. హిజ్రీ లెక్కన నగరానికి నాలుగు వందలు ఎప్పుడో నిండాయనీ, ఆ సంవత్సరం హిజ్రీ 1411 గనుక నాలుగు వందల పదకొండు అని కుట్టాలనీ ఆయన అప్పట్లో వాదించారు. లెక్క సరైనదే. కానీ మూడు అంకెలలో రెండు చుక్కలుగా తీరిపోయే సంఖ్యను వదిలి ఎక్కువ దారం పట్టే సంఖ్యను ఎవరు ఎంచుకుంటారు? దాదీ ఆ మాటే అన్నది.

నమూనా కోసం ఆమె బొమ్మల పుస్తకాల వద్దకు పోలేదు. తన పెట్టెలో దాచుకున్న నిజాం కాలపు వెండి రూపాయిని తీసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై చార్మినార్ బొమ్మ ఉంటుంది, దాని కమాను లోపల ‘ఐన్’ అనే అక్షరం ఉంటుంది. అది ఉస్మాన్ అనే పేరుకు మొదటి అక్షరం. ఆయనకు ముందు మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అదే చోట ‘మీమ్’ ఉండేది. అంటే కట్టడం నగరానిది, ద్వారంలో నిలబడే అక్షరం మాత్రం పాలకునిది. నాణెంపై పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే బొమ్మ కాగితం మీదికి వచ్చింది. దానిని గళ్ళ కాగితంపై రెండింతలు పెంచి, గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి ఖాకా తయారు చేసింది. ఖాకాను బట్టపై ఉంచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందు గుడ్డతో అద్దితే చుక్కలుగా బొమ్మ దిగుతుంది. మగ్గం పనివారు నేటికీ వాడే పద్ధతే ఇది.

మినార్ల నిలువు గీతలు కాడకుట్టు. గుమ్మటాలు, అంతస్తుల పట్టీలు దగ్గర దగ్గరగా వేసిన నింపుడు కుట్టు. కమాను చుట్టూ గొలుసుకుట్టు. కింది సున్నాలు రెండూ ముడికుట్టు. ఇంతా చేసి, కమాను లోపల ఆమె ఏమీ కుట్టలేదు. ‘ఐన్’ లేదు, ‘మీమ్’ లేదు, దాదా పేరులోని అక్షరమూ లేదు. తెల్లబట్ట అలాగే ఉండిపోయింది. ఎందుకని అడిగిన మా ఫుప్పమ్మతో, ‘అది దారి కదా, దారిలో ఏం కుడతారు?’ అన్నదట. చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు వీధులకు తెరుచుకుంటాయన్నది అందరికీ తెలిసిన సంగతే. నెల్లాళ్ళ క్రితం వరకు ఆ వీధుల మొగలలో ముళ్ళ కంచెలు ఉండేవన్నది కూడా ఆమెకు తెలుసు.

ఆ కట్టడం స్వయంగా ఒక స్మారక చిహ్నమే. కుతుబ్‌షాహీ వంశపు అయిదవ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని 1591లో కట్టించారు. నగరపు ప్రణాళికలో ఆయన మంత్రి మీర్ మోమిన్ అస్తరాబాదీ పాత్ర ప్రసిద్ధం. మహమ్మారి తొలగిపోయినందుకు కృతజ్ఞతగా కట్టించారని జనశ్రుతి. హిజ్రీ వేయవ సంవత్సరానికి గుర్తుగా కట్టారని మరికొందరి మాట. ఆ సంవత్సరం 1591 అక్టోబరులోనే మొదలయింది గనుక ఆ మాటకు బలం ఉంది. పై అంతస్తులో పడమటి వైపున మస్జిదు ఉంది. మెలికలు తిరిగే 149 మెట్లెక్కి అక్కడికి చేరుకోవాలి. గడియారాలు చాలా తరువాత, 1889లో అమర్చినవి. అందుచేత కింద బజారు, పైన ఆరాధన, నాలుగు దిక్కులా దారులు అన్నది ఆ కట్టడపు మొదటి రూపం. తెలుగువారి పత్రికలలో దీనిని ఒక్క మతానికి గుర్తుగానో, ఒక్క వంశానికి గుర్తుగానో పరిగణించే రాతలు అప్పుడప్పుడు కనబడుతుంటాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాష్ట్ర చిహ్నంలో కాకతీయ కళాతోరణం మధ్యన చార్మినార్ నిలిచింది. చిహ్నంపై తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడూ ఉన్నాయి. 2024లో ఆ చిహ్నాన్ని మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు ఎంత వాదోపవాదం జరిగిందో పాఠకులకు తెలుసు. మా ఇంట్లో ఆ రోజులలో ఎవరూ వాదించలేదు. చాచా అలమరలోంచి టోపీని తీసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ లోపల పెట్టారు.

టోపీపై బొమ్మ విషయమై పెద్దల మధ్య నడిచిన చర్చ మాత్రం చెప్పుకోదగినది.

దాదీకి మొదట వచ్చిన సలహా, పవిత్ర కలిమాను గానీ అల్లాహ్ శుభనామాన్ని గానీ కుట్టమని. పొరుగింటి స్త్రీలు ఆ మాటే అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. టోపీ చెమట పడుతుంది, ఉతుకులో నలుగుతుంది, తలపై ఉండగానే మనిషి మరుగుదొడ్డికి వెళతాడు. అల్లాహ్ నామం ఉన్న వస్తువును అలాంటి చోటికి తీసుకుపోరాదని పండితులు చెబుతారు. నీటి పని చేసే మనిషి టోపీ బురదలో పడటం కూడా ఉన్నదే. అందుచేత ఆమె నగరపు గుర్తును ఎంచుకుంది. పవిత్రమైన దానిని అలంకారానికి వాడకపోవడమే దానికి ఇచ్చే మర్యాద అన్నది ఆమె ఆలోచన అయి ఉంటుందని మేము అనుకుంటాము. ఇప్పుడు బజారులో పిల్లల చొక్కాలపై, తాళంచెవుల గొలుసులపై, ఫోను తొడుగులపై పవిత్ర నామాలు అచ్చువేసి అమ్మడం చూసినప్పుడల్లా ఈ విషయం గుర్తుకు వస్తుంది.

రెండవ అభ్యంతరం చాచాది. నమాజుకు వెళ్ళే టోపీపై బొమ్మ ఎందుకన్నారు. ప్రాణమున్న వాటి బొమ్మలే వర్జితమనీ, చెట్లు, కట్టడాల వంటివాటికి అనుమతి ఉందనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) ఒక చిత్రకారునికి చేసిన హితబోధ హదీసు గ్రంథాలలో ఉంది కదా అని మస్జిదు ఇమామ్ సాహెబ్ చెప్పారు. చాచా అంతటితో ఆగలేదు. అనుమతి వేరు, ఏకాగ్రత వేరు అన్నారు. అందుకు ఆయన చూపిన ఆధారం బలమైనదే. దైవప్రవక్త (స) ఒకసారి అల్లికల అంచున్న వస్త్రం కప్పుకుని నమాజు చేశారు. నమాజులో ఆయన చూపు ఆ అల్లికలపై పడింది. నమాజు ముగిశాక ఆ వస్త్రాన్ని అబూ జహమ్ (ర)కు తిరిగి పంపి, ఆయన వద్దనున్న సాదా దుప్పటిని తెప్పించుకున్నారు. హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ వస్త్రాన్ని కానుకగా ఇచ్చింది అబూ జహమ్ (ర)గారే. కానుకను తిప్పిపంపితే ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని బదులుగా మరొకటి కోరారని పండితులు వివరించారు. వస్త్రం ఎలా ఉండాలన్న దానితోపాటు ఇచ్చినవారి మనసును ఎలా కాపాడాలన్నదీ ఆ ఒక్క ఉదంతంలోనే ఉంది. చాచా దీనిలోని మొదటి భాగాన్ని చెప్పారు. రెండవ భాగాన్ని దాదా ఆచరించారు.

దాదా చేసినది ఇంతే. కొత్త టోపీ పెట్టుకుని బజారుకు, పెళ్ళిళ్ళకు, పాత స్నేహితుల ఇళ్ళకు వెళ్ళేవారు. మస్జిదు గుమ్మం వద్ద దానిని తీసి, మడిచి జేబులో పెట్టి, మరో జేబులోంచి సాదా టోపీ తీసి పెట్టుకునేవారు. దాదీ ఎదుట ఎన్నడూ మార్చలేదు. దాదీకి ఈ సంగతి తెలుసుననీ, తెలిసీ అడగలేదనీ ఫుప్పమ్మ అంటుంది. ఎందుకంటే ఉతకడానికి వచ్చే రెండు టోపీలలో ఏది ఎక్కువ నలిగిందో ఉతికే చేతికి తెలియకుండా పోదు.

మాకు ఇమామ్ సాహెబ్ మాటే సబబుగా తోస్తుంది. బొమ్మ పెట్టుకున్నవాని నుదుటిపై ఉంటుంది. అది అతనికీ కనబడదు, వెనుక వరుసలోని వారికీ కనబడదు. తలను కప్పుకోవడం మన పెద్దల సదాచారమే గాని టోపీ లేని నమాజు నెరవేరదని ఎవరూ అనలేదు. ప్రార్థనా స్థలానికి వెళ్ళేటప్పుడు చక్కగా అలంకరించుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో ఆదేశం ఉంది. అయినా, తన మనసు దేనివల్ల చెదురుతుందో దాదాకు తెలిసినంతగా మాకు తెలియదు. పట్టీ ఎత్తు మూడు అంగుళాలు దాటకుండా దాదీ చూసినది మాత్రం నమాజు కోసమే. పట్టీ పెద్దదై నుదుటిపైకి దిగితే సజ్దాలో నుదురు నేలకు సరిగా ఆనదు. అంటే ఆమె దానిని నమాజు టోపీగానే కుట్టింది.

దాదా తలపైనున్న టోపీని చూసి ఒక వస్త్ర వ్యాపారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ సంవత్సరం రంజాన్ మార్చి నెలలో మొదలయింది. పండుగకు ఇలాంటివి 40 కావాలన్నాడు. బట్ట, దారం అతనివి. కుట్టుకూలి టోపీకి 12 రూపాయలు. బయానాగా 200 ఇచ్చి, మిగిలిన 280 సరుకు అందాక ఇస్తానన్నాడు. దాదీ గల్లీలోని ఆరుగురు స్త్రీలను కూడగట్టింది. వారిలో ఇద్దరి ఇళ్ళలో డిసెంబరు తరువాత మగవారి పనులు పోయి పొయ్యి సరిగా వెలగడం లేదు. వ్యాపారి ఒక మార్పు కోరాడు. కమాను లోపల ఖాళీగా ఉంటే పని సగంలో ఆపినట్లుందనీ, అక్కడ ఆకుపచ్చ నింపమనీ అన్నాడు. స్త్రీలు ఒప్పుకున్నారు, దాదీ ఒప్పుకోలేదు. చివరకు ఖాళీగానే కుట్టారు. దారమూ ఆదా అవుతుందని తెలిశాక వ్యాపారి కూడా ఇంకేమీ అనలేదు.

ఇంటి పట్టున సూదిపని చేసే స్త్రీల బ్రతుకు ఎరిగినవారికి తరువాతి కథ ఊహించడం కష్టం కాదు. సరుకు అందింది, పండుగ దాటింది, 280 రూపాయలు రాలేదు. సరుకు కదలలేదన్నాడు, తరువాత కనబడటమే మానేశాడు. రసీదు లేదు, చీటీ లేదు. అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట పని పోయేది. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధను జుమా ప్రసంగాలలో తరచు వింటూనే ఉంటాము. కానీ చెమట కనబడని పని ఒకటుంది. గదిలో, పరదా వెనుక, పిల్లలు నిద్రపోయాక, కళ్ళు మంటలెత్తేలా సాగే ఆ పనికి కూలి అడిగితే చాలామంది అది ఖాళీ సమయంలో చేసిందే కదా అంటారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) స్వయంగా తోలు శుద్ధి చేసి, కుట్టి, ఆ సంపాదనను దానం చేసేవారని చరిత్ర. ఆమె చేతిపనిని ఎవరూ ఖాళీ సమయపు పని అని రాయలేదు.

దాదీ ఆ స్త్రీలకు మాట ఇచ్చింది గనుక, తన చిట్టీ సొమ్ము ఎత్తి అయిదుగురికి చెల్లించింది. ఆరవ స్త్రీ అంతలోనే ఇల్లు మారి కుటుంబంతో ఎటో వెళ్ళిపోయింది. ఆమె కుట్టినవి ఏడు టోపీలు.

దాదా ముందుగా, దాదీ 2019లో రంజాన్‌కు ముందు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. దాదీ మిగిల్చినవి కొంచెమే. ఒక జత బంగారు కమ్మలు, కొంత నగదు, కుట్టుమిషను, ఒక పెట్టె. పెట్టెలో వెండి రూపాయి, ఖాకా కాగితం, టోపీ, ఒక లెక్కల పుస్తకం. వారసులు ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. అంటే మా నాన్నగారు, చాచా, ఇద్దరు ఫుప్పమ్మలు. కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటాకు సమానం అన్న నియమాన్ని బట్టి ఆస్తి ఆరు వాటాలవుతుంది. కుమారులకు రెండేసి, కుమార్తెలకు ఒక్కొక్కటి. ఇందులో టోపీ ఎవరిది? మగవారి తలపై పెట్టే వస్తువు గనుక మగవారిదే అని ఒక బంధువు తేల్చేశారు. ఇలాంటి తీర్పులు మన ఇళ్ళలో ఎంత సులువుగా వెలువడతాయో! విడిచిపెట్టిన సొమ్ము కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉందని అన్నిసా సూరా 7వ ఆయత్ స్పష్టం చేస్తున్నది. కొంచెమైనా అన్నప్పుడు టోపీ కూడా అందులోకి వస్తుంది. చినిగిన దుప్పటి, సూదుల డబ్బా కూడా వస్తాయి. వాటిని ఎవరికివారు తీసుకోవడం ఆచారమైపోయిందే గాని, వారసులందరి సమ్మతి లేకుండా తీసుకునేందుకు హక్కు ఎవరికీ లేదు.

వాటాల దాకా వెళ్ళకముందే లెక్కల పుస్తకం అడ్డుపడింది. 1991 నాటి పుటలో ఆరు పేర్లు, అయిదింటి పక్కన కొట్టివేత గీత, ఆరవదాని పక్కన 84 అని ఉంది. ఆ తరువాత ప్రతి రంజాన్‌కు ముందు ఆ పుటపై దాదీ ఒక చిన్న గీత పెట్టింది. ఇరవైకి పైగా గీతలున్నాయి. ఆమె ఏటేటా విచారించి, దొరకక, గుర్తు పెట్టుకుందని ఫుప్పమ్మ చెప్పింది. అప్పు నిజానికి వ్యాపారిది. కానీ మాట దాదీది. అప్పు తీరేవరకు విశ్వాసి ఆత్మ దానికి కట్టుబడి ఉంటుందని ప్రవక్త (స) హెచ్చరించారు. ఖనన ఖర్చుల తరువాత, పంపకానికి ముందు, అప్పు తీర్చాలి. అందుచేత చాచా పంపకాన్ని ఆపివేయించారు. టోపీపై బొమ్మను కాదన్న ఆ మనిషే, పని మానుకుని, టోపీ కుట్టిన స్త్రీని వెతకడానికి బయలుదేరారు.

మూడు నెలలు పట్టింది. పాత ఇరుగుపొరుగు, మస్జిదు కమిటీలు, దర్జీ దుకాణాలు, మగ్గం పని చేసే కార్ఖానాలు తిరిగారు. చివరకు బార్కస్ వైపు ఒక బ్లౌజుల దుకాణంలో ఆమె కూతురు దొరికింది. తల్లి లేదు, తండ్రి అంతకుముందే పోయారు. 84 రూపాయలకు ఈనాటి విలువ ఎంత కట్టాలని చాచా ఒక ఆలిమ్‌ను అడిగారు. అప్పు ఎంతో అంతే అనీ, షరతు లేకుండా సంతోషంతో అధికంగా ఇస్తే అది ఉత్తమమైన చెల్లింపు అనీ, ప్రవక్త (స) తాము అప్పుగా తీసుకున్న ఒంటెకు బదులు మేలైన ఒంటెను ఇప్పించారనీ ఆయన చెప్పారు. చాచా 84 రూపాయలు ఒక కవరులో, వారసులందరూ కలిపి ఇచ్చిన అధిక మొత్తం మరో కవరులో పెట్టి తీసుకువెళ్ళారు.

ఆ అమ్మాయి — అమ్మాయి అంటున్నాము గాని నలభై దాటినామె — మొదటి కవరును విప్పి లెక్క పెట్టుకుంది. ‘ఇందులో నావి 28, తమ్ముడివి 56’ అన్నది. మా ఇంట వాటాల గొడవ ఏదీ ఆమెకు తెలియదు. రెండవ కవరును తల్లి పేర సదకా చేయమని తిరిగి ఇచ్చింది. ఏ టోపీ సంగతి ఇది అని అడిగింది. తన తల్లి రాత్రిళ్ళు ఆకుపచ్చ దారంతో ఏదో కుట్టేదని మాత్రం ఆమెకు గుర్తు.

ఆ తరువాతనే పంపకం జరిగింది. నాన్నగారు, చాచా, పెద్ద ఫుప్పమ్మ ముగ్గురూ టోపీలో తమ వాటాలను చిన్న ఫుప్పమ్మకు కానుకగా ఇచ్చివేశారు. నిజామాబాదులో ఉండే పెద్ద ఫుప్పమ్మ ఫోనులోనే సమ్మతి తెలిపింది. అయినా చాచా, తరువాత మాట రాకూడదని, ఆమె వచ్చినప్పుడు ఎదురుగా మళ్ళీ అడిగారు. ఆ రోజులలో ఖాకా అద్దినది, ముడికుట్లు వేసినది చిన్న ఫుప్పమ్మే. అప్పుడామెకు పదహారేళ్ళు.

ఇప్పుడు ఆ టోపీ ఆమె వద్ద ఉంది. పట్టీ లోపలి భాగం చెమటకు పసుపెక్కింది. ఏడాదికి ఒకసారి చల్లనీటిలో చిటికెడు ఉప్పు వేసి ఉతుకుతుంది. పలుచని గంజి పెట్టి, బోర్లించిన స్టీలు గిన్నెపై ఆరబెడుతుంది. ఉప్పు వేస్తే రంగు దిగదని దాదీ నమ్మకం. ఆకుపచ్చ ఎంతో కొంత వెలిసింది, కానీ బట్టకు అంటలేదు.

కిందటి సంవత్సరం మా అన్నయ్య కుమారుడు ఈద్‌కు దానిని పెట్టుకుంటానని అడిగాడు. అతనికి పందొమ్మిదేళ్ళు, తల పెద్దది, టోపీ పట్టలేదు. అయితే కొత్తది కావాలన్నాడు. ఫుప్పమ్మ కళ్ళు ఇప్పుడు సన్నని పనికి ఆనడం లేదు. ఆమె బార్కస్‌కు కబురు పెట్టింది. ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళయింది. దుకాణామె వచ్చి పాత టోపీని చేతిలోకి తీసుకుని ముందుగా లోపలివైపు తిప్పి చూసింది. కుట్టుపనివారు ఎవరైనా అంతే, బొమ్మను కాక దాని వెనుకను చూస్తారు. దారాలు ఎక్కడా వేలాడటం లేదని మెచ్చుకుంది. తన దుకాణంలో కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషను ఉందనీ, బొమ్మ ఎక్కిస్తే పది నిమిషాలలో కుట్టేస్తుందనీ చెప్పింది. ధర ముందే మాట్లాడుకుని, డబ్బు ముందే ఇచ్చారు.

మిషను నడిపే కుర్రవాడు కమాను లోపల కూడా ఆకుపచ్చ నింపి ఒక నమూనా తీశాడట. మూసి ఉన్న గీత కనబడితే అలా నింపేయడం అతనికి అలవాటట. ఆమె దానిని పక్కన పెట్టించి, లోపల ఖాళీ ఉంచి రెండవది తీయించింది. కింద అంకె కోసం మాత్రం మిషనును వాడలేదు. నగరానికి ఇప్పుడు నాలుగు వందల ముప్పై దాటాయి కదా, ఏమి వేయమంటారని ఫోను చేసి అడిగింది. ఫుప్పమ్మ పాతదే వేయమన్నది. ఆ రెండు చుక్కలను ఆమె చేత్తో ముడికుట్టు వేసి పంపింది.